పైనుంచి పది

పార్సిల్ వచ్చే రోజు నాకు పొద్దుటి నుంచీ కుదురుండదు. కొరియర్ ఆటో పదకొండుకి వస్తుందని తెలుసు. అయినా తొమ్మిదిన్నరకే షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుంటాను. హైవే మీద ఏ ఆటో మలుపు తిరిగినా తల ఎత్తుతాను. పెట్టె వచ్చి, తూకం వేసి, విప్పి, కొలిచి, పుస్తకంలో ఎక్కించేదాకా నాకు టీ కూడా రుచించదు. లోపలికొచ్చి ఫ్యాను కింద కూర్చోమంటాడు మా చెల్లెలి కొడుకు. కూర్చోలేను.

నాకు డెబ్బై ఒకటి నడుస్తోంది. నెల్లిమర్లలో జనపనార మిల్లులో ఇరవై తొమ్మిదేళ్లు నూలు తూచే గదిలో పని చేశాను. కండె నుంచి కొలత ప్రకారం నూలు తీయడం, తూచడం, అంకె రాయడం, కింద సంతకం పెట్టడం. ఆ పని మానేశాక నరసన్నపేట వచ్చాను. ఇక్కడ మా చెల్లెలి కొడుకు ఒక చిన్న షెడ్డు పెట్టి, పొలం మోటార్ల స్టార్టర్లలో పెట్టే ఎలక్ట్రానిక్ బోర్డులు చేయిస్తాడు. మోటారుకి మూడు ఫేజుల కరెంటు రావాలి. అందులో ఒకటి పోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, కానీ లోపలి చుట్ట కాలిపోతుంది. మా బోర్డు చేసే పని ఒక్కటే. ఒక ఫేజు పోగానే మూడు సెకన్లలో మోటారుని ఆపేస్తుంది. రైతు గట్టు మీద లేకపోయినా మోటారు బతుకుతుంది.

బోర్డు మీద ఇరవై ఆరు భాగాలుంటాయి. అవన్నీ విశాఖపట్నంలో ఒక దుకాణం నుంచి వస్తాయి. వచ్చినవాటిని కొలిచి, మంచివో కావో చెప్పడం నా పని. ఎవరూ అడగలేదు, నేనే తీసుకున్నాను. మొదట్లో మా వాడు నవ్వాడు. నెల తిరక్కుండా నేను, మోటారుకి కరెంటు కలిపి విడదీసే రిలేల పెట్టెనొకదాన్ని తిప్పి పంపించాక నవ్వడం మానేసి నాకొక మీటరు కొనిచ్చాడు. నగలు తూచే చిన్న కాటా నేనే తెచ్చుకున్నాను. ఏది ఎంత బరువుందో రాసి పెట్టుకోవడం మిల్లు అలవాటు.

టిన్ను కరిగించి భాగాలను బోర్డుకి అతికే అతుకు పని చేసేది ముగ్గురు ఆడవాళ్లు. ఎవరు చేసిన బోర్డు ఏదో తెలియడానికి ఒక్కొక్కరూ బోర్డు మూల గోళ్ల రంగుతో ఒక చుక్క పెడతారు. ఒకామె ఎరుపు, ఒకామె పసుపు, ఒకామె ఆకుపచ్చ. ఇక్కడ పేర్లు రాయడం లేదు కాబట్టి ఆ రంగులతోనే చెబుతాను.

ఆకుపచ్చ ఆమెకు నలభై దాటాయి. సముద్రం పక్క ఊరు. భర్త వేటకి వెళ్తాడు, తల్లి ఇప్పటికీ చేపలు అమ్ముతుంది. తనూ పదిహేనేళ్లు గంప మోసింది. మెడ ఎముక అరిగిందని డాక్టరు చెప్పాక మూడు నెలలు అతుకు పని నేర్చుకుని మా దగ్గరికి వచ్చింది. మిగతా ఇద్దరూ కలిసి చేసినన్ని బోర్డులు తనొక్కతే చేస్తుంది. కరిగిన టిన్ను ఆమె చేతిలో ఎప్పుడూ నిండు బొట్టులా నిలబడుతుంది, పక్కకి కారదు. ఇంటికెళ్లే ముందు కుర్చీని బల్ల కిందికి తోసి, సీటు మీద గుడ్డ కప్పి వెళ్తుంది. కుర్చీకి గుడ్డెందుకని ఒకసారి అడిగాను.

"మామ్మా, పదిహేనేళ్లు నడిసినాను. ఇది నా కుర్సీ. దుమ్ము పడితే నాకు బాగోదు," అంది.

ఆ కుర్చీ పోతే ఆమెకి మిగిలేది మళ్లీ గంపే. అది షెడ్డులో అందరికీ తెలుసు.

జ్యేష్ఠ మాసం చివరి గురువారం కెపాసిటర్ల పెట్టె వచ్చింది. కెపాసిటరు అంటే చిటికెనవేలి సగమంత గుండ్రటి డబ్బా. కరెంటుని కొంచెం నిల్వ ఉంచి, రిలేకి ఒడిదుడుకులు లేకుండా అందిస్తుంది. బోర్డుకి రెండు కావాలి. పెట్టెలో మూడు కవర్లు, ఒక్కొక్క దాంట్లో వంద. పై కవరు విప్పి పైనుంచి పది తీశాను. పదీ కొలిచాను. వెయ్యి ఉండాల్సిన చోట తొమ్మిది వందల ఎనభై నుంచి వెయ్యిన్ని ఇరవై దాకా చూపించాయి. మంచి సరుకు. పుస్తకంలో "పైనుంచి పది, పదీ సరే" అని రాశాను. ప్రతిసారీ చేసినట్టే ఆ పేజీని ఫోనులో ఫోటో తీసి విశాఖపట్నం దుకాణం ఆయనకి పంపించాను. ఆయన ప్రతిసారీ పెట్టినట్టే దణ్ణం బొమ్మ పెట్టాడు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ దుకాణంతో మొదలుపెట్టిన ఏడాది నేను కవరుకి ఇరవై చొప్పున కొలిచేదాన్ని. మూడు కవర్లుంటే అరవై. రెండో ఏడాది తప్పు ఒక్కటీ రాలేదని కవరుకి పది చేశాను. మూడో ఏడాది పెట్టె మొత్తానికి పది. ఎవరూ తగ్గించమనలేదు. నా పుస్తకం చూసి నేనే తగ్గించాను. తప్పు లేని పేజీలు వరసగా కనబడుతుంటే ఆ దుకాణం మీద నాకు గురి కుదిరింది. గురి కుదిరిందని కొలత తగ్గించేవాళ్లని మిల్లులో నేను ఎన్నిసార్లు తిట్టానో నాకే గుర్తు.

పై కవరులో వందా ఎరుపుకీ పసుపుకీ చెరి యాభై ఇచ్చాను. రెండో కవరు విప్పకుండా ఆకుపచ్చ ఆమె సొరుగులో పెట్టాను. ఆమెకి మాటిమాటికీ లేవడం ఇష్టముండదు. మూడో కవరు బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ నెలలో ఆకుపచ్చ చుక్కతో యాభై బోర్డులు తయారయ్యాయి. ఒక్కొక్క దాన్నీ బల్ల మీద రెండు నిమిషాలు నడిపి చూశాం. అన్నీ పనిచేశాయి.

శ్రావణంలో మొదటి మంగళవారం ఒక రైతు ప్లాస్టిక్ సంచీలో బోర్డు పట్టుకొచ్చాడు. మా వాడి ముందు బల్ల మీద సంచీ పెట్టి, కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"ఇదిగో బాబూ, నీ బోర్డు. మోటారు కాలిపోనాది. ఉడుపులు సగంలో ఆగిపోనాయి. నారు కట్టలు గట్టు మీద ఎండతన్నాయి."

"బోర్డు ఆపలేదా?" అని మా వాడు అడిగాడు.

"ఆపితే ఇక్కడికెందుకొస్తాను? నీ బోర్డు కాపలా ఉన్నాదని నాను తొంగున్నాను. నాతో పాటు అదీ తొంగున్నాది."

మా వాడు అతనికి కొత్త బోర్డు ఇచ్చాడు. మోటారు చుట్ట కట్టించే పని కూడా తనే చూస్తానన్నాడు. అతను వెళ్లాక బోర్డుని తిప్పి చూశాడు. మూల ఆకుపచ్చ చుక్క.

ఆ వారంలో ఇంకో నాలుగు వచ్చాయి. మరుసటి వారం ఆరు. అందులో మూడు, మా బోర్డులు అమ్మే చీపురుపల్లి దుకాణం నుంచి ఒకేసారి. మొత్తం పదకొండు. కొన్నింటిలో రిలే టకటకా కొట్టుకుంటోందని రాసి పంపారు. కొన్నింటిలో రిలే లోపలి ముల్లు అతుక్కుపోయి మోటారు ఆగడమే లేదు. పదకొండింటికీ ఆకుపచ్చ చుక్కే. ఎరుపు ఒక్కటీ లేదు, పసుపు ఒక్కటీ లేదు.

శనివారం మూడున్నరకి మా వాడు ఆ పదకొండు బోర్డులూ బల్ల మీద వరసగా పేర్చి ముగ్గురినీ పిలిచాడు. నేను కిటికీ దగ్గర నా పుస్తకంతో కూర్చున్నాను.

"పదకొండూ నీవే," అన్నాడు ఆకుపచ్చ ఆమెతో.

"సుక్క నాదే. కాదంటానేటి?"

"ఇది సూడు. ఈ అతుకు బూడిద రంగుగా ఉంది. టిన్ను సరిగ్గా కరగలేదు. తొందర పనికి ఇలాగే అవుతాది."

ఆమె బోర్డుని వెలుతురుకి ఎత్తి చూసింది. "ఇదొక్కటీ నిజమే బాబూ. ఒప్పుకుంటాను. మిగతా పదీ సూపించు. అద్దంలాగున్నాయి."

"అద్దంలాగుంటే తిరిగెందుకొస్తాయి?"

"నన్నడిగితే నానేటి సెప్తాను? మోటారునడుగు."

పసుపు ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా వాడికి నవ్వు రాలేదు. నా వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, సామాను నువ్వు సూసావు కదేటి?"

"చూశాను," అన్నాను. పుస్తకం తెరిచి చదివాను. "పైనుంచి పది. పదీ సరే."

ఆకుపచ్చ ఆమె నా వైపు చూసింది. కోపం కాదు. బేరంలో ఎదుటి మనిషి మాటలో ఏదో పట్టుకున్నట్టు చూసింది.

"మామ్మా, పైనుంచి పదేటి? పైన ఎప్పుడూ మంచివే ఉంటాయి. రేవులో మా అమ్మ గంప కొంటే పైనున్న సేప మొహం కూడా సూడదు. మోసేతి దాకా సెయ్యి దూర్సి, అడుగునున్నదాన్ని లాగి మొప్ప ఎత్తి సూస్తాది. పైదాన్ని సూసి కొన్నోళ్లని రేవంతా నవ్వుతారు."

"ఇది చేపల రేవు కాదు," అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకోవడానికి లేకపోయింది. ఎరుపు ఆమె తల దించుకుని టిన్ను తీగ చుట్టుకుంటూ ఉండిపోయింది. మా వాడు గొంతు తగ్గించి, సోమవారం నుంచి రావద్దని, సీజను అయ్యాక చూద్దామని ఆకుపచ్చ ఆమెతో చెప్పాడు. ఆమె వాదించలేదు. తన స్క్రూడ్రైవరు, కళ్లజోడు సంచీలో వేసుకుంది. కుర్చీ మీద కప్పే గుడ్డని మడిచి అది కూడా పట్టుకుపోయింది.

ఆదివారం పొద్దున్న ఆరింటికి వంట మొదలుపెట్టాను. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. నేను అలా చేసే మనిషిని కాను. కూర్చుని పుస్తకం తెరిచాను. జ్యేష్ఠం ఆఖరి గురువారం పేజీ. పైనుంచి పది, పదీ సరే. ఎన్నిసార్లు చదివినా అందులో తప్పు లేదు. ఆ పదీ నిజంగానే సరైనవే. పేజీ మూసేశాను. మళ్లీ తెరిచాను. ఈసారి కింద, ఏ కవరు ఎవరికిచ్చానో రాసుకున్న వరస చూశాను. పై కవరు ఎరుపు, పసుపు. రెండో కవరు ఆకుపచ్చ. వేలు ఆ వరస మీద పెట్టి చాలాసేపు తీయలేకపోయాను. నేను కొలిచిన కవరులోంచి ఒక్కటీ ఆమె చేతికి వెళ్లలేదు. ఆమెకి వెళ్లిన వందలో ఒక్కదాన్ని కూడా నేను ముట్టుకోలేదు.

పప్పు పొయ్యి మీద నుంచి దించేసి తాళాలు తీసుకుని బయల్దేరాను. ఎనిమిది కాలేదు. ఆదివారం షెడ్డు మూసి ఉంటుంది. ఎరుపు ఆమె చర్చికి వెళ్తుంది, పసుపు ఆమె సంతకి వెళ్తుంది. తాళం తీసి, బీరువా తెరిచి, మూడో కవరు బల్ల మీద పెట్టాను. వెంటనే విప్పలేదు. ముందు మీటరుకి కొత్త బ్యాటరీ వేశాను, కాటాని సరిచేశాను, చేతులు కడుక్కున్నాను. ఇంకా చేయడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి విప్పాను.

అడుగు నుంచి ఒకటి తీశాను. మీటరు మూడు వందల తొంభై చూపించింది. తీగలు సరిగా తగల్లేదేమోనని మళ్లీ పెట్టాను. మూడు వందల ఎనభై ఎనిమిది. ఇంకోటి. నాలుగు వందల పది. మధ్య నుంచి తీశాను, పైనుంచి తీశాను. ఈ కవరులో పైనా కిందా తేడా లేదు, అన్నీ ఒకటే. అవి చెడ్డవని కవరు విప్పి ఒక్కటి కొలిచినా తెలిసేది. బరువు చూశాను. మంచిది రెండు గ్రాముల మీద ముప్ఫై సెంటీగ్రాములు ఉండేది. ఇది ఒకటీ అరవై. కొలవడానికి మీటరు కూడా అక్కర్లేదు. రెండు చేతుల్లో రెండు పట్టుకుంటే తెలుస్తుంది.

బ్లేడుతో ఒకదాని డబ్బా చుట్టూ కోశాను. పెద్ద డబ్బా లోపల ఇంకో చిన్న డబ్బా ఉంది. మధ్యలో ఖాళీ. చిన్నదానికి పెద్దదాని చొక్కా తొడిగి, పైన పెద్ద అంకె అచ్చేశారు. బల్ల మీద చల్లగా రెండు నిమిషాలు నడిపితే అది పని చేస్తుంది. పొలంలో రేకు పెట్టెలో ఎండకి కాగితే నెల తిరిగేసరికి ఎండిపోతుంది. అప్పుడు రిలే టకటకలాడుతుంది. ముల్లు అతుక్కుపోతుంది. ఉడుపుల్లో మోటారు కాలిపోతుంది.

వందా కొలిచాను. వందలో ఒక్కటి కూడా నాలుగు వందల ఇరవై దాటలేదు. పూర్తయ్యేసరికి ఒంటిగంట. ఆకలి తెలియలేదు. కుర్చీలోంచి లేస్తూ, కూర్చుంటూ ఉన్నాను. ఎవరికైనా వెంటనే చెప్పాలి. చెప్పాల్సిన మొదటి మనిషి ఇరవై కిలోమీటర్ల అవతల ఉంది.

ముందు మా వాడికి చెప్పాను. మధ్యాహ్నం వాళ్లింటికెళ్లి, కోసిన డబ్బా వాడి అరచేతిలో పెట్టాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, భోజనం బల్ల మీద పెట్టాడు.

"పెద్దమ్మా, ఒక్కమాట. అతుకు తప్పు అయితే తిరిగొచ్చినవి పదకొండే. బాగుచేసి ఇచ్చేస్తాం. సామాను తప్పు అంటే..."

"యాభై," అన్నాను.

"యాభై. అందులో మన షెల్ఫులో ఎనిమిదున్నాయి. ముప్ఫై ఒకటి పొలాల్లో ఉన్నాయి. ఇంకా పాడవలేదు. ఎవరూ అడగలేదు. మనమే వెళ్లి, మా బోర్డు మంచిది కాదు, ఇప్పేయండి అని సెప్పాలి. ఉడుపుల మధ్యలో."

"అవును."

"ఆవిణ్ని వేరే మాట సెప్పి పిలిపిస్తాను. వచ్చి పని సేసుకుంటాది. యాభై సంగతి మెల్లిగా సూద్దాం."

"తప్పు ఎవరిదని చెబుతావు?"

వాడు డబ్బాని బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు. వాడు చెడ్డవాడు కాదు. బోర్డు మీద తన షెడ్డు పేరుంది. నేను వాడి ముందు పుస్తకం తెరిచి, ఆ పాత పేజీ కిందే రాశాను. రెండో కవరు కొలవలేదు, మూడో కవరు కొలవలేదు, కొలవకుండానే సరే అని రాశాను, పని పోగొట్టుకున్న మనిషిది తప్పు కాదు. సంతకం పెట్టి, ఆ రోజు వారం, తిథి వేశాను. వాడు చదివి, "ఈ పేజీ కూడా ఆ దుకాణానికి పంపుతావేటి?" అన్నాడు. నవ్వుదామని అన్నాడు గానీ నవ్వలేకపోయాడు.

సోమవారం తొమ్మిది గంటలకి దుకాణం ఆయనకి ఫోను చేశాను. ఆయన చాలా మర్యాదగా విన్నాడు.

"అమ్మా, పెట్టె నేను విప్పను. నాకు ఎలా వస్తే అలాగే మీకు పంపుతాను. అయినా మీరు చూసే కదా తీసుకున్నారు. మీ ఫోటో నా దగ్గరుంది. పైనుంచి పది, పదీ సరే. ప్రతిసారీ పెడతారు. మీ అంత పద్ధతిగా పెట్టేవాళ్లు నాకు ఇంకెవరూ లేరు."

 మూడేళ్లు ప్రతి పెట్టెకీ నేను ఎక్కడ చూస్తానో, ఎన్ని చూస్తానో నా చేతిరాతతోనే ఆయనకి చెబుతూ వచ్చాను. ఆయన అది చదువుకుని చేశాడో, ఆయనకి సరుకిచ్చేవాడు ఎవరైనా చేశాడో, అసలు నా ఫోటోకీ దీనికీ సంబంధమే లేదో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. ఒక రోజు ఆయనే అనుకుంటాను, ఇంకో రోజు కాదనుకుంటాను. ఆయన వేరే చోట నుంచి తెప్పించి మర్నాటికే కొత్త పెట్టె పంపాడు. ఆయన అడిగిన ఫోటో మాత్రం ఈసారి పంపలేదు.

మంగళవారం పొద్దున్న సముద్రం వైపు వెళ్లే సర్వీసు ఆటో ఎక్కాను. ఫోనులో చెప్పే మాట కాదు. ఆటోలో ఏం చెప్పాలో వరసగా అనుకుంటూ కూర్చున్నాను. ముందు నా తప్పు, తర్వాత కొలతలు, తర్వాత మా వాడి మాట. ఊళ్లో దిగి అడిగితే ఇల్లు చూపించారు. ఇంటి ముందు వల ఆరేసి ఉంది. ఆకుపచ్చ ఆమె తలమీద పెట్టుకునే కుదురు కోసం పాతచీర ముక్కని మెలిపెడుతోంది. మెడ చుట్టూ పట్టీ కట్టుకుని ఉంది. పక్కన వాళ్లమ్మ గంపలో ఆకులు పరుస్తోంది. ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసి కూతుర్ని అడిగింది.

"ఈవిడేనేటి, పైనుంచి పది మామ్మ?"

"ఊరుకోయే అమ్మా," అంది కూతురు. కానీ ఊరుకోమని గట్టిగా చెప్పలేదు.

నేను ఆటోలో అనుకున్న వరస అంతా పోయింది. సంచీలోంచి కోసిన డబ్బా, మంచి డబ్బా తీసి ఆకుపచ్చ ఆమె రెండు చేతుల్లో పెట్టాను. ఆమె చేతులు ఒకసారి ఎత్తి దించింది. చూడను కూడా లేదు.

"ఇది కాళీ," అంది.

"నీకు ఇచ్చిన వందా ఇలాంటివే. నేను చూడలేదు. చూశానని చెప్పాను. తప్పు నాది. రా. వాడు కూడా రమ్మన్నాడు."

వాళ్లమ్మ డబ్బా తీసుకుని లోపలున్న చిన్నదాన్ని వేలితో కదిపింది. "సూడేయ్, కడుపులో ఇంకోటి. ఇలగ కూడా సేస్తారేటి. మనం సేపల మీద మంచు గడ్డలు కప్పితేనే దొంగలంటారు," అంది. ఆమెకి అదొక కొత్త విద్యలా నచ్చినట్టుంది.

కూతురు నవ్వలేదు. "నువ్వొచ్చి సెప్తే సరిపోద్దేటి మామ్మా? ఆయన ఎక్కడన్నాడు? ఇక్కడన్నాడేటి? ఆ ఇద్దరి ముందరా అన్నాడు. తొందర పనన్నాడు. వాళ్ల ముందరే సెప్పమను. అప్పుడొస్తాను. లేకపోతే ఇదిగో, కుదురు సుట్టుకున్నాను."

"మెడ నొప్పి కదా."

"నొప్పే. మాట పడ్డం కన్నా తక్కువే ఉన్నాది."

తిరుగు ఆటోలో నాకు కాళ్లు ఒకచోట నిలవలేదు. షెడ్డుకి వచ్చి మా వాడికి ఆమె మాట ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాడు తల పట్టుకున్నాడు. "ఆ ఇద్దరి ముందు సెప్తే ఊరంతటికీ సెప్పినట్టే," అన్నాడు. ఊరికి చెప్పడం ఎలాగూ తప్పదని, ముప్ఫై ఒక్క పొలాలకీ వెళ్లాలని అన్నాను. వాడు కాసేపు గుమ్మం దాకా వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లాడు. చివరికి బిల్లుల పుస్తకం తీసి, ఏ బోర్డు ఏ దుకాణానికి వెళ్లిందో ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. అదే జవాబనుకుని నేను కొత్త పెట్టె విప్పాను. మూడు కవర్లలో మూడు వందలూ కొలిచాను. ఒక్కటి కూడా వదల్లేదు. సాయంత్రం ఆరున్నరకి పూర్తయింది. ఒకటి మాత్రం తక్కువ చూపించింది, తీసి పక్కన పెట్టాను. మిగతావి మంచివే. అయినా నా చేయి మళ్లీ మొదటి కవరు మీదికి వెళ్లింది. పసుపు ఆమె మీటరు నా చేతిలోంచి లాక్కుని సొరుగులో పెట్టేసింది.

వాళ్ల ముందరే చెబుతాడని ఆ రాత్రి ఆకుపచ్చ ఆమెకి ఫోను చేశాను. బుధవారం పది గంటలకి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. మా వాడు లేచాడు. బల్ల మీదున్న పదకొండు బోర్డుల వైపు చూస్తూ, తప్పు అతుకుది కాదని, సామానుదని అన్నాడు.

"ఇటు సూసి సెప్పు బాబూ," అంది.

వాడు తల ఎత్తి ఆమెని చూశాడు. "నీది తప్పు కాదు. తెలుసుకోకుండా అన్నాను. పొలాల్లో ఉన్న ముప్ఫై ఒకటీ ఇప్పించుకొస్తాను. కొత్తవి నువ్వే సెయ్యాలి."

ఎరుపు ఆమె, పసుపు ఆమె ఇద్దరూ వినేలాగే చెప్పాడు. ఆకుపచ్చ ఆమె ఇంకా లోపలికి రాలేదు. నా వైపు తిరిగింది.

"నువ్వేటి మామ్మా?"

నేను పుస్తకం తెరిచి, పేజీ కింద రాసినది గట్టిగా చదివాను.  మధ్యలో ఒకసారి కళ్లజోడు సర్దుకుని మిగతాది కూడా చదివాను. ఆమె ఆఖరి మాట దాకా విని, చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికొచ్చి కుర్చీ లాక్కుంది. అతుకు పెట్టే ఇనుము స్విచ్చి వేసింది.

"ఇప్పుడు మార్సాల్సినవెన్ని?"

"తిరిగొచ్చినవి పదకొండు, షెల్ఫులో ఎనిమిది. పంతొమ్మిది. పొలాల నుంచి వచ్చిన కొద్దీ మిగతావి."

"రెండో కవరేదీ?"

నేను మొదటి కవరు ఆమె వైపు తోస్తున్నాను. ఆపేసి రెండోది ఇచ్చాను. ఆమె మోచేయి దాకా కాదు గానీ, నాలుగు వేళ్లు అడుగుదాకా దింపి ఒకటి లాగింది. చేతిలో ఎత్తి చూసి, మీటరు కోసం చేయి చాపింది. సొరుగులోంచి తీసి ఇచ్చాను. తొమ్మిది వందల తొంభై అయిదు. మధ్య నుంచి ఇంకోటి తీసింది. దాన్నీ చూసింది. అప్పుడు గానీ టిన్ను తీగ అందుకోలేదు.

ఆ రోజు పదహారు బోర్డులు మార్చింది. రిలేలు పోయిన చోట రిలేలు కూడా మార్చింది. నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. మర్నాడు కూడా అంతే. మా వాడు మోటారు సైకిలు మీద పొలాల వెంట తిరిగి రోజుకి రెండో మూడో బోర్డులు విప్పించుకొచ్చాడు. కొందరు టీ ఇచ్చారట, ఒకాయన గట్టు దిగేదాకా తిట్టాడట. పన్నెండు రోజుల్లో ముప్ఫై ఒకటిలో ఇరవై ఎనిమిది వచ్చాయి. మిగిలిన మూడూ ఏ మోటారు మీద ఉన్నాయో తెలియలేదు. చీపురుపల్లి దుకాణం వాళ్లు బిల్లు లేకుండా అమ్మేశారు. ఆ మూడింటి గురించి నేను ఇప్పటికీ దుకాణం వాళ్లకి ప్రతి సోమవారం ఫోను చేస్తాను. వాళ్లు నా నంబరు చూసి ఎత్తడం మానేశారు. అయినా చేస్తాను.

పదమూడో రోజు ఆకుపచ్చ ఆమె పని ముగించి లేచి, కళ్లజోడు పెట్టెలో పెట్టుకుంది. ఆమె బల్ల మీద నలభై ఏడు బోర్డులూ కట్టలుగా ఉన్నాయి. సంచీలోంచి మడిచిన గుడ్డ తీసి, దులిపి, కుర్చీ మీద పరిచింది. నేను పుస్తకంలో రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

"మామ్మా, రేపు రిలేల పెట్టె వస్తాదంట కదా."

"వస్తుంది. పదకొండుకి."

"నానొచ్చేదాకా ఇప్పకు. అడుగు నాను సూస్తాను, అంకె నువ్వు రాయి."

సరే అన్నాను. మర్నాడు పెట్టె పదింపావుకే వచ్చేసింది. ఆమె బస్సు ఆలస్యమైంది. పెట్టెని బల్ల మీద పెట్టుకుని, విప్పకుండా, ముప్పావు గంట దాని ఎదురుగా కూర్చున్నాను.